డైనోసార్ పాఠం సిరోంచ మట్టిలోంచే మొదలుకావాలి

చిన్న తరగతుల్లో డైనోసార్ ప్రాజెక్టు అంటే చాలా బడుల్లో జరిగే తంతు ఒకటే. టైరనోసారస్ బొమ్మ గోడకెక్కుతుంది. పిల్లలు దానికి ఆకుపచ్చ రంగు వేస్తారు, ఐదారు పేర్లు నోటికి నేర్చుకుంటారు. ఇంట్లో పెద్దవాళ్లు థర్మాకోల్‌తో చేసిచ్చిన బొమ్మలు ప్రదర్శన రోజున బల్లల మీద వరసగా నిలబడతాయి. పిల్లలు సంబరపడతారు, అందులో సందేహం లేదు. అయితే ఆ జంతువు ఎక్కడ బతికింది, ఎప్పుడు బతికింది, అసలు బతికిందని మనకెలా తెలిసింది అనే మూడు ప్రశ్నల్లో ఒక్కదానికీ ఆ బొమ్మ దగ్గర జవాబు దొరకదు. మహారాష్ట్ర సరిహద్దులోని సిరోంచ తాలూకాలో కూడా పాఠం ఇలాగే సాగిపోతే అది మరీ విచారించాల్సిన విషయం. అక్కడి పిల్లలు రోజూ నడిచే నేలలోనే డైనోసార్లు ఉన్నాయి.

సిరోంచ గడ్చిరోలి జిల్లాకు దక్షిణపు కొస. వార్ధా, వైన్‌గంగ కలిసి ప్రాణహితగా పారి గోదావరిలో కలిసేది ఇక్కడే. అవతలి ఒడ్డున కాళేశ్వరం. చాలా ఇళ్లలో తెలుగు, బడిలో మరాఠీ, అడవి ఊళ్లలో మాడియా గోండి వినిపిస్తాయి. ఈ తాలూకాలోనే ప్రాణహిత ఎడమ ఒడ్డున కోట అనే చిన్న ఊరుంది. జురాసిక్ కాలం మీద పనిచేసే శాస్త్రవేత్తలకు ఈ ఊరి పేరు బాగా తెలుసు. సుమారు 18 కోట్ల ఏళ్ల కిందటి రాతి పొరలకు ఈ ఊరి పేరు మీదుగానే కోట ఫార్మేషన్ అని పేరు పెట్టారు. ఇదే తాలూకాలోని పోచంపల్లి దగ్గర (చీరల పోచంపల్లి వేరు, ఇది వేరు) 1960ల మొదట్లో కలకత్తా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ బృందం తవ్వి సుమారు 300 ఎముకలు వెలికితీసింది. అవి కనీసం ఆరు జంతువులవి. 1975లో పొడుగు మెడ ఉన్న ఆ డైనోసార్‌కు బారపాసారస్ టాగోరై అని పేరు పెట్టారు. తవ్వకం సాగిన 1961 రవీంద్రనాథ్ టాగోర్ శతజయంతి సంవత్సరం, అందుకే పేరులో ఆయన చేరారు. ఆ అస్థిపంజరాన్ని కోల్‌కతాలో ఆ సంస్థ మ్యూజియంలో నిలబెట్టారు.

నది అవతల తెలంగాణ వైపు కూడా అదే రాతి పొర ఉంది. యామన్‌పల్లి దగ్గర 1970ల చివర్లో 12 జంతువులకు చెందిన సుమారు 840 ఎముకలు దొరికాయి. 1988లో వాటికి కోటసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని పేరు వచ్చింది. హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో తెలుగు పిల్లలు తలెత్తి చూసే పెద్ద అస్థిపంజరం అదే. సిరోంచకు దగ్గర్లోనే వడధం ఫాసిల్ పార్కు ఉంది. రాయిగా మారిన చెట్ల మొద్దులు అక్కడ చూడొచ్చు.

ఇన్ని చేతికందే దూరంలో పెట్టుకుని పాఠాన్ని టైరనోసారస్ లాంటి ఉత్తర అమెరికా జంతువుతో మొదలుపెట్టడం అన్యాయం. ఇది సొంత ఊరి గొప్ప చెప్పుకోవడానికి అంటున్న మాట కాదు, బోధనకు సంబంధించిన మాట. ఆరేడేళ్ల పిల్లలు కళ్లతో చూసినదాన్నుంచి, చేత్తో తాకినదాన్నుంచి ఆలోచించగలరు. ఆధారం ఊళ్లోనే ఉన్నప్పుడు ‘దీన్నిబట్టి ఏం తెలుస్తోంది’ అని వాళ్లంతట వాళ్లే అడుగు ముందుకు వేస్తారు. ఎక్కడో ఉన్న జంతువు గురించి మాత్రం సారు చెప్పింది నమ్మడం తప్ప వాళ్లకు దారి ఉండదు. సృజనాత్మక ప్రాజెక్టు ఏదైనా ఈ తేడా చుట్టూనే కట్టాలి. పిల్లలు చేసే బొమ్మ, వేసే చిత్రం, చెప్పే కథ ఒక ఆధారం మీద నిలబడాలి. ఆధారం లేని చోట ‘ఇది మా ఊహ’ అని చెప్పగలగాలి.

మట్టి, వరద, ఎముక

మొదటి మెట్టు డైనోసార్ కాదు, మట్టి. ఒక జంతువు చచ్చిపోతే మామూలుగా ఏమవుతుందో పల్లె పిల్లలకు తెలుసు. కుక్కలు, నక్కలు, గద్దలు తినేస్తాయి, మిగిలిన బొక్కలు ఎండకు ఎండి, వానకు నాని పొడి పొడి అవుతాయి. మరి కోట్ల ఏళ్ల కిందటి బొక్కలు ఎలా మిగిలాయి? ఈ ప్రశ్నను తరగతిలో రెండు రోజులు ఊరికే వదిలేసినా నష్టం లేదు. జవాబు గోదావరి ఒడ్డు పిల్లలకు ఎవరూ చెప్పక్కర్లేదు. 2022 జులై వరద సిరోంచ తాలూకా ఊళ్లను ముంచెత్తింది. నీళ్లు తీశాక ఇళ్లలో, పొలాల్లో ఎంత బురద పేరుకుందో ఇంట్లో పెద్దలు ఇప్పటికీ చెబుతారు. చచ్చిన జంతువును అలాంటి బురద వెంటనే కప్పేస్తే దాన్ని కుక్క పీకదు, గాలి సోకదు. పోచంపల్లి ఎముకల పక్కనే పెద్ద పెద్ద చెట్ల మొద్దులు కూడా రాళ్లుగా మారి దొరికాయి. వరదలో కొట్టుకొచ్చిన చెట్లూ జంతువులూ ఒకే చోట మేటవేసి ఉండొచ్చని శాస్త్రవేత్తలు ఊహించారు. ఆ ఊహ ఎందుకు సబబో గోదావరి వరదను ఎరిగిన ఇంటి పిల్లలకు పట్నం పిల్లలకన్నా త్వరగా తెలుస్తుంది.

దీనికి సరంజామా ఒక గాజు సీసా, వాగు ఇసుక, చెరువు మట్టి, గులకరాళ్లు, నీళ్లు. అన్నీ వేసి బాగా కుదిపి పెడితే ముందు రాళ్లు అడుగుకు చేరతాయి, తర్వాత ఇసుక, ఆ పైన సన్నమట్టి. మర్నాడు మళ్లీ కొంచెం మట్టినీళ్లు పోస్తే ఇంకో పొర పడుతుంది. కింది పొర ముందుది, పై పొర తర్వాతది. భూగర్భ శాస్త్రంలో కాలాన్ని చదివే మూలసూత్రం ఇదే, రెండో తరగతి పిల్లవాడికి సీసాలో కనిపిస్తుంది. ఎముకలోని సందుల్లోకి నీళ్లతో పాటు ఖనిజాలు చేరి అది నెమ్మదిగా రాయవుతుందన్న సంగతి మాత్రం నోటిమాటగా చెబితే చాలు. ఆ వయసుకు అంతకు మించి అక్కర్లేదు.

ఆ తర్వాత తవ్వకం. పిల్లలకు ఇష్టమైన పని ఇదే, చాలా బడుల్లో పాడయ్యేదీ ఇదే. ఇసుకలో ప్లాస్టిక్ బొమ్మలు దాచి ‘వెతకండి’ అంటే అది దాగుడుమూతల ఆట అవుతుంది, తవ్వకం కాదు. మేక, కోడి బొక్కలను ఉడకబెట్టి శుభ్రం చేసి ఎండలో ఆరబెట్టి, ఒక చెక్కపెట్టెలో పొరలు పొరలుగా మట్టి వేస్తూ మధ్యలో పరచాలి. ఎముకలు తాకడం ఇష్టంలేని ఇళ్ల పిల్లలు ఉంటారు. వాళ్ల కోసం బంకమట్టితో చేసి కాల్చిన ఎముకలు సరిపోతాయి. పెట్టె మీద పురికొసతో అడ్డంగా, నిలువుగా గళ్లు కట్టాలి. ఒక్కో గడికి ఇద్దరు పిల్లలు. పాత టూత్‌బ్రష్, చెంచా తప్ప ఇంకో పనిముట్టు వద్దు. ముఖ్యమైన నియమం ఒక్కటే: కనిపించిన బొక్కను బయటికి తీసే ముందు దాన్ని ఉన్నదున్నట్టు కాగితం మీద గీయాలి. ఏ గడిలో ఉంది, ఎటు తిరిగి ఉంది, పక్కన ఏముంది. పెట్టె ఖాళీ అయ్యాక ఆ కాగితాలన్నీ పక్కపక్కన పేర్చితే, తవ్వకంతో చెదిరిపోయిన అమరిక మళ్లీ కళ్లముందు కనిపిస్తుంది. పోచంపల్లిలో 300 ఎముకల్లో ఏది ఏ జంతువుదో తేల్చే పని ఎంత కష్టమో పిల్లలకు అర్థమయ్యేది అప్పుడే. రెండు కోళ్ల బొక్కలు కలిపి పెట్టి ‘ఇందులో ఎన్ని కోళ్లున్నాయి’ అని అడిగితే మూడో తరగతి వాళ్లు కుడి తొడ బొక్కలు లెక్కపెట్టాలని తామే కనిపెట్టగలరు. శాస్త్రవేత్తలు కూడా ‘కనీసం ఆరు’ వంటి లెక్కకు ఇలాంటి దారిలోనే వస్తారు.

వాకిట్లో కోడి

డైనోసార్లన్నీ చచ్చిపోయాయి అని చెప్పి పాఠం ముగించడం ఇప్పటి శాస్త్రం ప్రకారం పొరపాటు. పక్షులు డైనోసార్ల వంశంలోవే. రెండు కాళ్ల మీద నడిచే మాంసాహార డైనోసార్ల శాఖ నుంచి వచ్చినవే. కాబట్టి సిరోంచలో ప్రతి వాకిట్లో ఒక డైనోసార్ బంధువు గింజలు ఏరుకుంటోంది. ఈ సంగతిని నోటితో చెప్పి వదిలేయకుండా చూపించాలి. తడి బంకమట్టిని పళ్లెంలా పరిచి దానిమీద నాటుకోడిని నడిపించాలి. ముందు వైపు మూడు వేళ్ల ముద్రలు స్పష్టంగా పడతాయి. రెండు కాళ్ల మాంసాహార డైనోసార్ల అడుగులు కూడా మూడు వేళ్లవే. మట్టి ఆరాక పిల్లలు కొలవాలి. ఒక అడుగుకూ ఇంకో అడుగుకూ మధ్య ఎంత దూరం? కోడిని తరిమితే దూరం పెరిగిందా? కేవలం అడుగు జాడలను చూసి ఆ జంతువు నడిచిందో పరుగెత్తిందో చెప్పగలమని వాళ్లకు ఇక్కడ తెలిసిపోతుంది. కోడి కాలి మీద పొలుసులు చూడాలి, మెడ ఎలా వంగుతుందో చూడాలి, ఉడికిన కోడి తొడ బొక్క విరిచి లోపల ఎంత డొల్లగా ఉందో చూడాలి.

పెద్దలకు ఇది చిన్న పనిలా కనిపించవచ్చు. నిజానికి మొత్తం ప్రాజెక్టులో శాస్త్రపరంగా అతి బలమైన భాగం ఇదే. బతికున్నదాన్ని పరిశీలించి, చచ్చినదాని గురించి తెలుసుకోవడం అనే పద్ధతి మొత్తం ఈ ఒక్క కోడిలో ఉంది.

ముగ్గుపిండితో జురాసిక్

బారపాసారస్ తొడ ఎముక పొడవు సుమారు 1.7 మీటర్లు, అంటే ఐదడుగుల ఏడంగుళాలు. సారు ఎత్తుకు సమానం, కొన్ని బడుల్లో సారుకన్నా ఎక్కువే. ఈ ఒక్క కొలతతో తరగతి గదిలో డైనోసార్ నిలబడుతుంది. అట్టముక్కలు అతికించి, పాత పేపర్లు జిగురులో నానబెట్టి అద్ది, ఆ కొలతకే ఒక తొడ ఎముక చేయించాలి. మొత్తం జంతువు బొమ్మ చేయడంకన్నా ఒక్క ఎముకను అసలు కొలతలో చేయడం మేలు. చిన్న బొమ్మ చేతిలో ఒదిగిపోతుంది, పిల్లవాడికి ఆ జంతువు పరిమాణం తెలియదు. అసలు కొలతలో ఎముక చేస్తే నలుగురు పిల్లలు కలిసి మోయాలి.

మొత్తం దేహం మాత్రం బడి ఆవరణలో గీయాలి. గడ్చిరోలిలో తెలుగు ఇళ్ల ముందు రోజూ ముగ్గు వేసే చేతులున్నాయి. చుక్కలు పెట్టి కలపడం ఐదో ఏటి నుంచే అమ్మాయిలు నేర్చుకుంటారు, ఇక్కడ అబ్బాయిలూ నేర్చుకుంటారు. బారపాసారస్ పొడవును 14 నుంచి 18 మీటర్ల దాకా అంచనా వేశారు. 18 మీటర్లంటే రెండో తరగతి పిల్లలు పదిహేను మంది తలకు పాదం తగిలేలా వరసగా పడుకోవాలి. ముందు పిల్లల్నే పడుకోబెట్టి కొలవాలి, తర్వాత టేపుతో. బారెడు, మూరెడు, జానెడు ఒక్కొక్కరికి ఒక్కోలా వస్తాయి కదా, మీటరు ఎందుకు కావాలో గణిత పాఠం కూడా అక్కడే అయిపోతుంది. పుస్తకంలోని చిత్రం మీద గళ్లు గీసి, నేల మీద అంతకు ఎన్నోరెట్లు పెద్ద గళ్లు గీసి, గడి గడికీ చుక్కలు పెట్టి కలిపితే జంతువు వస్తుంది. కోటసారస్ పొడవు 9 మీటర్లని అంచనా. పక్కనే దాన్ని కూడా గీస్తే రెండూ నది చెరో పక్క దొరికిన చుట్టాల్లా కనిపిస్తాయి.

గీత మెడ చివరికి వచ్చాక చేతులు ఆగాలి. ఈ ప్రాజెక్టులో చాలా జాగ్రత్తగా నడపాల్సిన ఘట్టం అది. ఎందుకంటే బారపాసారస్ తల దొరకలేదు. కోటసారస్‌దీ దొరకలేదు. పోచంపల్లిలో పుర్రె లేదు, కొన్ని పళ్లు మాత్రం దొరికాయి. అవి గరిటెలా వెడల్పుగా ఉండి అంచుల్లో రంపంలా ముతక గరుకులు ఉన్నవి, ఆకులు కొరికి లాగడానికి పనికొచ్చేవి. మ్యూజియంలో ఆ అస్థిపంజరానికి ఉన్న తల శాస్త్రవేత్తలు దగ్గరి జాతి జంతువులను చూసి తయారుచేసినది. పిల్లలకు ఈ సంగతి దాచకుండా చెప్పి, ‘తల మీరే గీయండి, కానీ ఎందుకలా గీశారో చెప్పాలి’ అనాలి. కోరలు గీసినవాడిని కోప్పడొద్దు, ‘దొరికిన పళ్లు ఎలా ఉన్నాయి’ అని అడగాలి. తల మరీ పెద్దగా గీస్తే, దాన్ని ఆ పొడుగు మెడ మోయగలదా అని అడగాలి. మేక ఎలా తింటుంది, కుక్క ఎలా తింటుంది, వాటి పళ్లు ఎలా ఉంటాయి అని నోళ్లు తెరిచి చూడనివ్వాలి. చివరికి తరగతిలో ఇరవై తలలు వస్తాయి. వాటిలో కొన్ని ఆధారానికి దగ్గరగా ఉంటాయి, కొన్ని దూరంగా ఉంటాయి. ఏవి ఎందుకు దగ్గరో వాళ్లే విడదీయాలి. రంగు సంగతి కూడా ఇంతే. బారపాసారస్ చర్మం రంగు ఎవరికీ తెలియదు కాబట్టి ఏ రంగైనా వేయొచ్చు. కానీ బొమ్మ కింద ‘రంగు మా ఊహ’ అని రాయాలి. ఊహకు హద్దు పెడితే సృజన చచ్చిపోతుందని కొందరు టీచర్లు భయపడతారు. అది అనవసరపు భయం. హద్దు తెలిసిన పిల్లవాడు ఆ హద్దు లోపల ఎక్కువ ఆలోచిస్తాడు, తన బొమ్మను సమర్థించుకోవడానికి ఎక్కువ మాట్లాడతాడు.

కోట్ల ఏళ్లను కళ్లకు చూపడం

కాలం చాలా కష్టమైన భాగం. 18 కోట్లు అన్న మాట ఎనిమిదేళ్ల పిల్లలకు వట్టి శబ్దం. ‘మా తాత చిన్నప్పుడు’, ‘రాజుల కాలంలో’, ‘డైనోసార్లప్పుడు’ అన్నీ వాళ్ల మనసులో ఒకే ‘పూర్వం’లో ఉంటాయి. మనుషులు డైనోసార్ల మీద సవారీ చేశారనుకునే పిల్లలు ఉండడంలో ఆశ్చర్యం లేదు, కార్టూన్లు అలాగే చూపిస్తాయి. అందుకే అంకె వద్దు, పొడవు కావాలి. ఒక సెంటీమీటరుకు పది లక్షల ఏళ్లు అనుకుని గోడకు తాడు కట్టాలి. ఈ చివర ఈరోజు. 66 సెంటీమీటర్ల దగ్గర, అంటే 6.6 కోట్ల ఏళ్ల కిందట, పక్షులు తప్ప మిగతా డైనోసార్లు అంతరించాయి. 180 సెంటీమీటర్ల దగ్గర కోట ఊరి జంతువులు. 230 దగ్గర మొదటి డైనోసార్లు. మనలాంటి మనుషులు వచ్చి సుమారు మూడు లక్షల ఏళ్లు, తాడు మీద అది మూడు మిల్లీమీటర్లు. కాకతీయుల కాలం గుర్తుపెట్టాలంటే వెంట్రుక కూడా మందమే. భూమి పుట్టుక దాకా తాడు లాగాలంటే 45 మీటర్లు కావాలి, బడి గేటు దాటి రోడ్డెక్కాలి. మనిషి డైనోసార్‌ను చూడలేదని పదిసార్లు చెప్పే బదులు ఈ తాడును ఒక్కసారి వేలితో తడిమించడం నయం.

ఇదే తాడు మీద టైరనోసారస్ కూడా తన చోటికి వెళ్తుంది. అది బతికింది ఇంచుమించు 68-66 సెంటీమీటర్ల మధ్య. పిల్లలు వేళ్లతో కొలిస్తే తేలే సంగతి పెద్దవాళ్లను కూడా ఆపుతుంది: టైరనోసారస్‌కూ మనకూ మధ్య ఉన్న కాలంకన్నా బారపాసారస్‌కూ టైరనోసారస్‌కూ మధ్య ఉన్న కాలమే చాలా ఎక్కువ. సినిమాల్లో కలిసి పరుగెత్తే జంతువుల్లో చాలా ఒకదాన్నొకటి ఎన్నడూ చూడలేదు. ఈ నేల మీద మాంసాహారి కావాలని పట్టుబట్టే పిల్లలు ఎప్పుడూ ఉంటారు. వాళ్లకు నర్మదా లోయలో దొరికిన రాజసారస్ ఉంది, 2003లో పేరు పెట్టారు. తాడు మీద అది కూడా చివరి డైనోసార్ల దగ్గరే ఉంటుంది.

పుష్కరాల లెక్క కూడా ఇక్కడ పనికొస్తుంది. 2022 ఏప్రిల్‌లో ప్రాణహిత పుష్కరాలకు సిరోంచలో జనం కిక్కిరిశారు. పన్నెండేళ్లకోసారి వచ్చే పుష్కరం పిల్లలకు ఊహకందే అతి పెద్ద ఎడం. బారపాసారస్ కాలం నుంచి ఇప్పటికి అలాంటివి కోటిన్నర గడిచాయి. నాలుగో తరగతి వాళ్లు ఈ భాగహారం చేయగలిగితే చేయనివ్వాలి, చేయలేకపోతే తాడే చాలు.

పెండలో వరి చుట్టాలు

పక్క జిల్లా చంద్రపూర్‌లో వరోరా దగ్గర పిస్‌దురా అనే ఊరుంది. చివరి డైనోసార్ల కాలపు ఎముకలతో పాటు రాయిగా మారిన పెండ అక్కడ పెద్ద ఎత్తున దొరికింది. ఆ పెండను పరిశీలిస్తే గడ్డి జాతి మొక్కల్లో ఉండే సన్నటి సిలికా రేణువులు కనిపించాయని 2005లో ప్రకటించారు. అంతవరకూ డైనోసార్ల కాలంలో గడ్డి ఉందన్న నికరమైన ఆధారం లేదు. అప్పటికే వరి తెగకు చెందిన మొక్కలు కూడా ఉండేవని 2011లో తేలింది. వరి పండించే ఊళ్ల పిల్లలకు ఇంతకన్నా దగ్గరైన శాస్త్ర వార్త ఇంకోటి ఉండదు.

ఈ పాఠానికి ఎండిన ఆవుపెండ, మేక పెంటికలు చాలు. కాగితం మీద విరిచి, పుల్లతో విడదీసి, గడ్డిపోచలు, గింజలు, పీచు వేరుచేయాలి. ఆ జంతువు నిన్న ఏం తిన్నదో చెప్పాలి. చివర్లో సబ్బుతో చేతులు కడుక్కోవాలి. పెండ తాకడం ఏమిటని పట్నం తల్లిదండ్రులు ముక్కు మూసుకోవచ్చు గానీ, ఇక్కడ పిడకలు కొట్టే ఇళ్లు ఇంకా ఉన్నాయి. నవ్వుకుంటూ మొదలుపెట్టే పిల్లలు పది నిమిషాల్లో నిశ్శబ్దంగా గింజలు ఏరుతూ ఉంటారు. నిజమైన పరిశోధన ఆసక్తి అలాగే మొదలవుతుంది.

చిన్న జీవాల సంగతి కూడా మరవకూడదు. కోట సున్నపురాతి పొరల్లో మందమైన, వజ్రం ఆకారపు పొలుసులున్న చేపలు దొరికాయి. ఎలుకంత ఉండే తొలి పాలిచ్చే జంతువుల పళ్లు కూడా దొరికాయి. అలాంటి పళ్లను రాతిని నానబెట్టి, సన్నటి జల్లెడ పట్టి, సూక్ష్మదర్శినిలో ఏరతారు. వాటిలో ఒకదానికి కోటాథీరియం హాల్డానై అని పేరు, భారత పౌరసత్వం తీసుకుని భువనేశ్వర్‌లో కన్నుమూసిన జీవశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్ జ్ఞాపకంగా. పిల్లలు డైనోసార్‌తో పాటు ఈ ఎలుకంత జీవాన్నీ మట్టితో చేయాలి. మనిషి పాలిచ్చే జంతువుల కోవలోనివాడే కనుక మన దూరపు వంశం అప్పుడు ఆ పెద్ద కాళ్ల కింద తిరుగుతోందని చెప్పాలి.

ఏ భాషలో చెప్పాలన్న చిక్కు సరిహద్దు బడిలో ఎప్పుడూ ఉంటుంది. పుస్తకం మరాఠీ, పరీక్ష మరాఠీ. పిల్లవాడి ప్రశ్న తెలుగులో పుడుతుంది. ఐదో తరగతి దాకా వీలైనంత వరకు ఇంటి భాషలో బోధించాలని 2020 జాతీయ విద్యా విధానం చెప్పింది, అది అన్ని బడుల్లో అమలు కావాలంటే టీచర్లు కావాలి, పుస్తకాలు కావాలి. అప్పటిదాకా ఇలాంటి ప్రాజెక్టే ఒక వెసులుబాటు. గుంపుల్లో పనిచేసేటప్పుడు పిల్లలు తెలుగులోనూ మాడియాలోనూ వాదించుకోనివ్వాలి. బొక్క అన్నా, ఎముక అన్నా, మరాఠీలో హాడ్ అన్నా ఒప్పుకోవాలి. చివరికి గోడ మీద పెట్టే కాగితాల మీద మాత్రం రెండు భాషల్లో రాయిస్తే మరాఠీ రాతకూ సాధన అవుతుంది. తెలుగు రాని టీచరుకు పిల్లలే దుబాసీలు.

ఒకే టీచరు రెండు మూడు తరగతులు చూసుకునే జిల్లా పరిషత్ బడులే ఇక్కడ ఎక్కువ. ఈ పనికి అది అడ్డం కాదు, అనుకూలం. ఒకటో తరగతి వాళ్లు మట్టి పిసుకుతారు, కోడిని నడిపిస్తారు. నాలుగో తరగతి వాళ్లు కొలుస్తారు, రాస్తారు. ఖర్చు ముగ్గుపిండి, పురికొస, జిగురు వరకే. వానలు పూర్తిగా వెనకబట్టాక, నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్య, ఆవరణలో ముగ్గు నిలిచే రోజుల్లో పెట్టుకోవాలి. అంతకు ముందైతే నేల తడి, తర్వాతైతే ఎండ.

ఒక మాట ఒడిశా వైపు తెలుగు బడుల గురించి కూడా. రాయగడ, కోరాపుట్ కొండల్లోని టీచర్లు ఈ ప్రాజెక్టును ఉన్నదున్నట్టు ఎత్తుకుపోకూడదు. అక్కడి ఖోండలైట్ రాళ్లు డైనోసార్లకన్నా ఎంతో పాతవి, భూమి లోపల విపరీతమైన వేడికీ ఒత్తిడికీ మారిపోయినవి. వాటిలో బొక్కలు మిగలవు. అక్కడి పిల్లలు అడగాల్సిన ప్రశ్న ‘మా కొండలో డైనోసార్ ఎందుకు లేదు’ అన్నది, అది కూడా మంచి పాఠమే. ఆ రాళ్లకు ఖోండు ఆదివాసుల పేరు పెట్టినట్టే, ఇటు ఇండియా, ఆఫ్రికా, అంటార్కిటికా, ఆస్ట్రేలియా, దక్షిణ అమెరికా కలిసి ఉన్న నాటి మహాఖండానికి గోండుల నేల పేరు పెట్టారు. కోట జంతువులు తిరిగింది ఆ గోండ్వానా మీదే. తరగతిలో గోండు పిల్లలున్న బడిలో ఈ సంగతి చెప్పకుండా వదలకూడదు.

వడధం పార్కుకు ప్రయాణం ప్రాజెక్టు చివర్లో పెట్టుకోవాలి. ముందే తీసుకెళ్తే పిల్లలకు అవి నల్లటి రాళ్లు, ఫొటో దిగే చోటు. సీసాలో పొరలు చూసి, పెట్టెలో తవ్వి, తాడు తడిమాక వెళ్తే మొద్దు మీద చెట్టు నారల గీతలు వెతుకుతారు. ఊరి వాగు గట్టున, ఒర్రెలో అలాంటి రాయి తమకే కనిపిస్తే ఏం చేయాలో కూడా బయలుదేరే ముందే నేర్పాలి. తీయకూడదు, ఇంటికి తేకూడదు, అమ్మేవాళ్లకు ఇవ్వకూడదు. చోటు మారిన ఎముక ఏ పొరలోదో, పక్కన ఏముందో చెప్పలేదు, దానితో సగం శాస్త్రం పోతుంది. పక్కన చెయ్యి పెట్టి కొలత తెలిసేలా ఫొటో తీసి, చోటు గుర్తుపెట్టుకుని, సారు ద్వారా అటవీశాఖ వాళ్లకు కబురు పంపాలి. చెక్కపెట్టెలో ‘తీసే ముందు గీయాలి’ అని వాళ్లు పాటించిన నియమం ఇదే, ఈసారి అసలు రాయి మీద.